సిగ్నల్ ఇస్తేనే ఆగును

మార్చి 2, ఆదివారం

ఈ నోటుబుక్కు ఫెర్రీ క్యాంటీన్‌లో పిండి కొలతలు రాసుకుందామని కొన్నది. ఇప్పుడు ఫెర్రీయే లేదు, వంతెన కట్టేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఫెర్రీలో పెనం ముందు నిలబడి స్వేలలు, అదే మా మందపాటి తియ్యట్లు, పోశాను. పోసి, తిరగేసి, వెన్నా పంచదారా పెట్టి, మడిచి చేతికివ్వడం. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఇరవై రెండు నిమిషాలు, మళ్ళీ వెనక్కి. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయని, ఈ ఫియోర్డ్‌ని, ఎన్ని వేలసార్లు దాటానో, ఒక్కసారీ ఎక్కడికీ వెళ్ళలేదు. ఇప్పుడు ముసలివాళ్ళ హోమ్ వంటింట్లో పని. అక్కడ గిన్నెలు కూడా కదలవు.

మా ఆయన ఓద్వార్ ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఏడు వారాలు. "కొన్నాళ్ళు ఒంటరిగా ఉండి ఆలోచించుకోవాలి" అన్నాడు. ఆలోచించుకోనీ. అతని గురించి ఇందులో ఒక్క ముక్క రాయను.

మార్చి 9, ఆదివారం

అటక సర్దుతుంటే ఓద్వార్ ఫైలు దొరికింది. పైన పెద్దక్షరాలతో "సోగ్న ఫియోర్డ్ యాత్ర: నాలుగు రోజులు" అని ఉంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న యాత్ర ఇది. "ఎప్పుడు వెళ్దాం?" అంటే "ప్లాన్ చేస్తున్నా కదా, తొందరపెట్టకు. ఇవన్నీ నీకు తెలిసే పనులు కావు" అనేవాడు.

తెరిచాను. లోపల ఒకే ఒక్క కాగితం. దాని మీద అదే పేరు, కింద స్కేలుతో గీసిన గీత. అంతే! నేల మీద కూలబడి నవ్వాను. తర్వాత కళ్ళలో నీళ్ళెందుకొచ్చాయో తెలీదు. అటక మీద దుమ్ము ఎక్కువ.

మార్చి 10, సోమవారం

నేనే వేస్తాను ప్లాను.

మార్చి 16, ఆదివారం

లైబ్రరీ నుంచి మ్యాపులు తెచ్చి బల్ల నిండా పరిచాను. భోజనం నిలబడే చేశాను, ప్లేటు పెట్టడానికి చోటు లేదు.

మ్యాపులో జలపాతం గుర్తు కనపడ్డప్పుడల్లా ఒకటే గుర్తొస్తోంది. ముప్పై నాలుగేళ్ళు అతని కారులో పక్క సీట్లో కూర్చున్నాను. "ఓద్వార్, ఒక్క నిమిషం ఆపవా, ఆ జలపాతం చూద్దాం" అంటే "వచ్చేటప్పుడు చూద్దాంలే" అనేవాడు. వచ్చేటప్పుడు వేరే దారిలో వచ్చేవాడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా కారు ఆగలేదు. చివరికి అడగడం మానేశాను. అడగడం మానేశాక "చూశావా, నీకూ అలవాటైంది" అన్నాడు.

అతని గురించి రాయనన్నాను కదూ. ఇది అతని గురించి కాదు, జలపాతాల గురించి.

మార్చి 23

తొరున్ వచ్చింది. ఫెర్రీలో టికెట్లు కోసేది, ఇప్పుడు బెర్గెన్‌లో ఉంటోంది. మ్యాపులన్నీ చూసి, "ఏమే హల్దిస్, యుద్ధానికి వెళ్తున్నావా?" అంది.

"నాలుగు రోజుల సెలవుకి."

"ఎవరితో?"

"ఇంకా అనుకోలేదు."

"అబద్ధాలాడకు. నీ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కదానివే వెళ్తున్నావు, నాకు చెప్పడానికి సిగ్గుపడుతున్నావు."

దానితో పెట్టుకోలేం.

ఏప్రిల్ 18, గుడ్‌ఫ్రైడే. ఐరిన్ వాళ్ళ కొండ మీది క్యాబిన్

నోరు జారాను.

అమ్మాయి పిలిచింది కదా అని వచ్చాను. ఓద్వార్‌నీ పిలిచిందని నాకు చెప్పలేదు. ఎండలో మంచు మీద రెయిన్‌డీర్ తోళ్ళు పరుచుకుని అందరం నారింజలు వలుచుకుంటున్నాం. ఓద్వార్ తన పాత పాట ఎత్తుకున్నాడు. "ఈ వేసవిలోనైనా సోగ్న వైపు వెళ్ళాలి. ప్లానంతా రెడీగా ఉంది." ఒకే ఒక్క కాగితం! ఒళ్ళు మండింది.

"నేను వెళ్తున్నాను. మే నెలాఖర్లో. ఒక్కదాన్నే" అనేశాను.

ఓద్వార్ నవ్వాడు. చెడ్డగా కాదు, చిన్నపిల్ల మాటలకి నవ్వినట్టు. దానికే ఇంకా ఎక్కువ మండింది.

"హల్దిసా? వోస్ స్టేషన్ దాటదు! రైలు మారేచోట ఎటెళ్ళాలో తెలీక బెంచీ మీద కూర్చుంటుంది. సాయంత్రానికి నాకు ఫోన్ వస్తుంది, చూడండి. కారు చార్జింగ్ పెట్టి ఉంచుతాలే, తీసుకురావడానికి."

"నాన్నా, ఊరుకో" అంది ఐరిన్. కానీ అది కూడా నవ్వింది. చూశాను.

తర్వాత గిన్నెలు తోమేటప్పుడు పక్కకొచ్చి గుడ్డ అందుకున్నాడు. గొంతు మెత్తగా చేసి, "జూన్‌లో పెంతెకొస్తు పండగకి ఇంటికొచ్చేస్తాను హల్దిస్. నువ్వొక్కదానివీ నెట్టుకురాలేవు. నాకు తెలుసు కదా" అన్నాడు.

సరే అందామనుకున్నాను. నిజం రాస్తున్నాను, ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా. సాయంత్రాలు ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుంది. "యాత్ర నుంచి వచ్చాక చెప్తాను" అన్నాను.

కాబట్టి ఇదీ లెక్క. నా ప్లానుతో వెళ్ళి, నా కాళ్ళ మీద తిరిగొస్తే, రావద్దని చెప్తాను. దారిలో ఎక్కడైనా అతనికి ఫోన్ చేశానా, అతను చెప్పిందే నిజం, వచ్చెయ్యమంటాను. సిరాతో రాశాను.

ఏప్రిల్ 22

స్తోలెన్ అని ఫియోర్డ్ లోపలి పాయలో ఒక మేకల ఫారం ఉంది. కొండకీ నీళ్ళకీ మధ్య నాలుగు ఇళ్ళు. వాటిలో ఒకటి అద్దెకిస్తారు. ఫోన్ చేశాను. రగ్న అనే ఆవిడ ఎత్తింది, వెనక మేకలు అరుస్తున్నాయి.

"ఎంతమంది?" అంది.

"ఇద్దరం" అన్నాను.

ఇద్దరంటే పెద్ద గది ఇస్తారని అలా చెప్పాను. ఇంకేం లేదు.

మే 4, ఆదివారం

ప్లాను పూర్తయింది! పెన్సిలుతో, తర్వాత సిరాతో.

మే 29 గురువారం క్రీస్తు ఆరోహణ పండుగ, సెలవు. శుక్రవారం ఇటు సెలవుకీ అటు వారాంతానికీ మధ్య ఇరుక్కున్న రోజు. ఆ ఒక్క రోజు సెలవు పెడితే నాలుగు రోజులు చేతికొస్తాయి. దేశంలో ఇంత తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. హోమ్‌లో చెప్తే, అప్పటికే ఎనిమిది మంది అదే శుక్రవారం అడిగారట. కాళ్ళావేళ్ళా పడి సాధించాను.

గురువారం: పొద్దున్నే బెర్గెన్‌లో రైలు. మూర్దాల్‌లో మారి కొండ రైల్లో ఫ్లోమ్ దిగాలి. మధ్యాహ్నం 2.30 పడవకి స్తోలెన్.
శుక్రవారం: స్తోలెన్ నుంచి నీళ్ళ పక్కనే పాత తపాలా బాట మీద బక్కె దాకా ఏడు కిలోమీటర్ల నడక, బక్కెలో పడవెక్కి వెనక్కి.
శనివారం: స్తోలెన్‌లో పడవెక్కి ఫియోర్డ్ నోటి దగ్గరి ఊరికి.
ఆదివారం: పెద్ద పడవలో బెర్గెన్. ఇల్లు.

ఎంత అందంగా ఉందో! స్వేలలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అన్నీ సరిగ్గా కూర్చున్నాయి.

మే 6

ఒక చిక్కు. టైంటేబుల్లో స్తోలెన్ పక్కన చిన్న నక్షత్రం. కింద చిన్నక్షరాల్లో: సిగ్నల్ ఇస్తేనే ఆగును. దిగడానికైతే పడవలో చెప్తే చాలు. ఎక్కడానికే, శనివారం రేవు చివర దీపం వెయ్యాలి. వెయ్యకపోతే పడవ ఆగదు.

నా ఒక్కదాని కోసం అంత పెద్ద పడవా? మా కెప్టెన్ పరిగెత్తుకొచ్చే ఒక్క మనిషి కోసం ఫెర్రీ వెనక్కి తిప్పితే, "వీళ్ళ మూలాన నా పిండంతా ఒలికింది" అని తిట్టినదాన్ని నేనే.

రగ్న వేస్తుందిలే దీపం. వాళ్ళ రేవు కదా.

మే 17

జాతీయ పండుగ ఊరేగింపు. పండగ జాకెట్టు బిగుతైంది. కనపడ్డవాళ్ళందరూ "యాత్రెప్పుడు?" అని అడిగారు. ఐరిన్ ఊరంతా చాటింది.

మే 28, బుధవారం. బెర్గెన్, తొరున్ ఇల్లు

పన్నెండు స్వేలలు పోసుకొచ్చాను. తొరున్ వద్దన్నా వినకుండా రెండు తినేసింది. అదే రేపు నన్ను స్టేషన్‌లో దించుతుందట. భయంగా లేదు. సంచీ మూడుసార్లు విప్పి సర్దాను, అది చోటు చాలక.

మే 29, గురువారం

పొద్దున 10.10. వోస్ దాటాను! దాటానోచ్! కిటికీకి మొహం ఆనించి స్టేషన్ బోర్డు చూశాను, అది వెనక్కి వెళ్ళిపోయింది. పక్కనావిడకి ఒక స్వేల ఇచ్చాను. ఎందుకో ఆవిడకి తెలీదు, పాపం.

1.50. ఫ్లోమ్ రేవు.

పడవ లేదు.

2.30 గడి పక్కన రాసుంది, మామూలు రోజుల్లో మాత్రమే అని. ఇవాళ ఆరోహణ పండుగ. సెలవు రోజుల్లో ఆదివారం టైములే నడుస్తాయి. ఆదివారం పడవ పదకొండింటికి. వెళ్ళిపోయింది.

ఈ దేశంలో సెలవు రోజంటే ఆదివారం టైములే అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. క్యాంటీన్ పలక మీద ముప్పై ఒక్క ఏళ్ళు సుద్దముక్కతో ఆ మాట రాసిందెవరు? నేను! రేవులో చిక్కుకుపోయిన వాళ్ళని "పండగని తెలీదా, క్యాలెండర్ చూసుకోవద్దూ" అని వెక్కిరించిందెవరు? నేనే! పండగ సెలవని లెక్కేసుకుని మరీ గురువారం పెట్టుకున్నదాన్ని, పడవకి మాత్రం గురువారం గడి చూసుకున్నాను. తలెక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

2.05. ఏడ్చాను. ఒక స్వేల తిన్నాను. మళ్ళీ ఏడ్చాను.

2.15. ఇక్కడ గది దొరకదు. మూడు చోట్ల అడిగాను. ఇరుక్కున్న శుక్రవారం తెలివి దేశమంతా ఉంది కదా. ఫోన్ చేతిలో ఉంది. అన్నిటికన్నా పైన ఓద్వార్ పేరు. కారు చార్జింగ్ పెట్టే ఉంచుంటాడు. అయిదు గంటల్లో వచ్చేస్తాడు. ఒక్క మాట కూడా అనడు, ఊరికే నవ్వుతాడు. బొటనవేలు ఆ పేరు మీదే ఉంది.

2.30. రగ్నకి చేశాను.

"పడవ తప్పిపోయాను. ఇవాళ రాలేనేమో" అన్నాను.

"అయ్యో, ఇద్దరికీ మేక మాంసం పొయ్యి మీద పెట్టానే!"

అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "ఇద్దరం కాదు. ఒక్కదాన్నే. మొదట్నించీ ఒక్కదాన్నే. సిగ్గేసి ఇద్దరమని చెప్పాను."

అటువైపు మేక ఒకటి అరిచింది. రగ్న, "దానికి సిగ్గెందుకు? నేనూ ఒక్కదాన్నే. సరే, వస్తావా రావా?" అంది.

ఫోన్ పట్టుకునే మ్యాపు తీశాను. మూడు నెలలుగా చూస్తున్న మ్యాపు, కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. రేపు స్తోలెన్ నుంచి బక్కెకి నడుద్దామనుకున్న బాటే ఇవాళ బక్కె నుంచి స్తోలెన్‌కి ఉంది కదా! బాట అదే. దాని మీద ఏ వైపు నడవాలో టైంటేబుల్ చెప్పదు. బక్కెకి బస్సు ఉందేమో చూశాను, ఈసారి ఆదివారం గడిలో. 3.10కి ఉంది. రెండుసార్లు చూశాను. మూడోసారి వేలు పెట్టి చూశాను.

"వస్తున్నాను. నడిచి" అన్నాను.

"బరువెంత?"

"నాదా, సంచీదా?"

రగ్న పెద్దగా నవ్వింది. "మాంసం సన్నని మంట మీద పెడతాను" అంది.

సాయంత్రం 6.15. బాట పక్కన బండ మీద. ఎడమ మోకాలు నన్ను బూతులు తిడుతోంది. ఎదురుగా జలపాతం. ఇరవై నిమిషాలు నిలబడి చూశాను. ఎవరూ హారను కొట్టలేదు.

మే 30, శుక్రవారం. స్తోలెన్

నిన్న ఎనిమిదికి ఇరవై నిమిషాలు ఉండగా చేరాను. ఎండ ఇంకా ఎదుటి కొండ నెత్తి మీద ఉంది. రగ్న ఎనభై దగ్గర్లో ఉంటుంది, సన్నగా, చువ్వలా ఉంది. బల్ల మీద రెండు ప్లేట్లు పెట్టేసింది, తియ్యలేదు. "రెండోదీ నువ్వే తిను, నడిచొచ్చావు" అంది. తిన్నాను. రెండూ తిన్నాను!

ఇవాళ నడక లేదు, నిన్ననే అయిపోయింది కాబట్టి. ప్లాను తిరగబడింది గానీ పడిపోలేదు. పొద్దంతా మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని నీళ్ళు చూశాను. నీళ్ళ మీదే బతికినదాన్ని, నీళ్ళకేసి చూసే తీరికే ఉండేది కాదు.

రగ్నకి మిగిలిన స్వేలలు పెట్టాను. కళ్ళు మూసుకుని నమిలింది. "రేపు పొద్దున్నే మేకల్ని పై గడ్డికి తోలుకెళ్తున్నాను. పడవకి దీపం నువ్వే వేసుకో, స్విచ్చి రేవు షెడ్డులో ఉంటుంది" అంది.

"నా ఒక్కదాని కోసమే ఆపమని ఎలా..."

"మరి ఎవరి కోసం ఆపాలి? ఆ నక్షత్రం పెట్టిందే ఒక్క మనిషి కోసం. గుంపుంటే అది ఊరికే ఆగుతుంది."

"కెప్టెన్ తిట్టుకుంటాడేమో."

"తిట్టుకోనీ. నోరు అతనిది, ప్రయాణం నీది."

మే 31, శనివారం

పడవలో కూర్చుని రాస్తున్నాను.

పదిన్నరకే రేవులో ఉన్నాను. పడవ పదకొండున్నరకి. రగ్న మేకల గంటలు కొండ మీద ఎక్కడో మోగుతున్నాయి. చుట్టూ ఒక్క మనిషి లేడు. షెడ్డులో స్విచ్చి ఉంది, పక్కన చేత్తో రాసిన కాగితం, పడవ వంపులో కనపడకముందే వెయ్యండి అని. గంటసేపు ఆ స్విచ్చి ముందు తచ్చాడాను. వేళ్ళు దాని మీద పెట్టాను, తీశాను. ఇంకెవరైనా వస్తే బాగుండును, ఇద్దరమైతే ఆపమనడానికి ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. మళ్ళీ ఇద్దరం! ఛీ, నీ బతుకు చెడ, హల్దిస్, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇది ఆగకపోతే రేపటి పెద్ద పడవ అందదు, ఇల్లు చేరను. ఓద్వార్‌కి ఫోన్ చెయ్యాల్సిందే. ఆపమని అడగడానికి సిగ్గుపడి అతన్ని రమ్మంటానా?

వేశాను.

బయటికొచ్చి చూశాను. రేవు చివర స్తంభం మీద పసుపు దీపం. పట్టపగలు కదా, వెలుగుతోందో లేదో తెలీనంత చిన్నగా ఉంది. దీన్నెవరు చూస్తారు అనుకున్నాను. అంతలో వంపు తిరిగి పడవ వచ్చింది. తెల్లగా, మూడంతస్తుల ఎత్తున, మేం నడిపిన ఫెర్రీ రెండు పట్టేంత ఉంది. ఫియోర్డ్ నడిమధ్యలో తిన్నగా పోతోంది. తిన్నగానే పోతోంది. చూడలేదు, వెళ్ళిపోతుంది, వచ్చేటప్పుడు చూద్దాంలే అంటుంది, వేరే దారిలో పోతుంది.

తిరిగింది! ముక్కు మెల్లగా నా వైపు తిరిగింది. అంత పడవా వేగం తగ్గించి, ఒక్క కూత వేసి, నా కోసం, నా ఎడమ మోకాలి కోసం, నా సంచీ కోసం గట్టు దగ్గరికి వచ్చింది. డెక్కు మీద రెండు వందల మంది వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు. తొరున్ ఉంటే చెయ్యూపమనేది. ఊపాను! వాళ్ళందరూ తిరిగి ఊపారు.

తాడు వేసిన కుర్ర నావికుడు రేవంతా చూసి, "ఒక్కరేనాండీ?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే" అన్నాను. గట్టిగా అన్నాను, కొండకి తగిలి వెనక్కొచ్చేంత గట్టిగా. "నేనే ఆపాను."

"ఆపడానికే కదండీ దీపం" అని చెయ్యి అందించాడు.

క్యాంటీన్‌లో కాఫీ, స్వేల తీసుకున్నాను. స్వేల చెప్పులా ఉంది. పెనం వేడెక్కకుండానే పోస్తున్నారు. వాళ్ళకి చెప్పాను కూడా.

జూన్ 1, ఆదివారం. ఇల్లు

నాలుగింటికి చేరాను. తాళం నేనే తీసుకున్నాను. అయిదింటికి ఓద్వార్ ఫోన్.

"ఫోనే చెయ్యలేదేం? నాలుగు రోజులు కారు చార్జింగ్‌లోనే పెట్టాను. ఎక్కడా ఇరుక్కుపోలేదా?"

"ఇరుక్కుపోయాను. ఫ్లోమ్‌లో. ఆదివారం టైములని మర్చిపోయాను."

"నువ్వా! క్యాంటీన్ పలక మీద రాసేదానివి!" పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వొచ్చే సంగతే మరి. నవ్వయ్యాక, "చూశావా, నేనుంటే అలా జరిగేది కాదు" అన్నాడు.

"నువ్వుంటే అసలు బయల్దేరేవాళ్ళమే కాదు ఓద్వార్. నీ ఫైలు చూశాను."

అనేశాక నాకే మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. ముప్పై నాలుగేళ్ళు ఊరికే పోవు. తర్వాత మెల్లగా, "అయితే పెంతెకొస్తుకి నేను..." అన్నాడు.

"రావద్దు."

"నువ్వొక్కదానివీ..."

"అవును. నేనొక్కదాన్నీ."

పెట్టేశాక కాసేపు వంటింట్లో నిలబడ్డాను. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది. ఇవాళ అది నన్నేమీ చెయ్యలేదు. పెనం వేడి చేశాను, బాగా కాగనిచ్చి, ఒక స్వేల పోసుకున్నాను. ఐరిన్‌కి ఫోన్ చేశాను. అది "అమ్మా!" అని అరిచి, తర్వాత ఏడ్చింది. "ఆ రోజు క్యాబిన్‌లో నేనూ నవ్వాను, క్షమించమ్మా" అంది. "క్షమించను, వచ్చి గిన్నెలు తోము" అన్నాను.

ఓద్వార్ ఫైలు తెచ్చి ఆ కాగితం తీసేశాను. అట్ట గట్టిది, పనికొస్తుంది. లోపల కొత్త కాగితం పెట్టి, బల్ల మీద ఉత్తరాది మ్యాపు పరిచి రాశాను:

లోఫోటెన్ దీవులు. ఆరు రోజులు. వచ్చే మే నెల.
సెలవు రోజు ఆదివారం టైములు. ఈసారైనా చూసుకో, మొద్దూ.
ఎంతమంది: ఒకరు.